మూడు క్యూబుల పొయ్యి

మా కాంట్రాక్టర్ అబద్ధం ఆడేవాడు కాదు. శనివారం అసలు ఆడేవాడు కాదు. ఆ రోజు ఎవరైనా పని ఎంతవరకు వచ్చిందని అడిగితే ఫోను నా చేతికిచ్చి నాతో ఆడించేవాడు. లంచం ఇవ్వడం కూడా ఆయన పద్ధతి కాదు. ఉదయగిరిలో చెక్కిన చెక్క గరిటెల సెట్టు రంగు కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. మా వైపు ఏ ఇంజనీరు ఇంటికి వెళ్ళినా ఆ గరిటెలు గోడకు వేలాడుతూ కనబడేవి. వాటిని లెక్కపెడితే చాలు, ఆ ఇంజనీరు మా పనులు ఎన్ని చూసి మెచ్చుకున్నాడో చెప్పేయవచ్చు. శుక్రవారం అనుమసముద్రంపేట దర్గాకు, శనివారం వెంకటేశ్వర స్వామి గుడికి తప్పకుండా వెళ్ళేవాడు. ఏ దేవుడికీ అన్యాయం చేయకూడదని ఆయన నియమం. నీళ్ళ ట్యాంకర్ మీద, మిక్సర్ మీద ఎర్ర అక్షరాలతో ‘నాణ్యతే మా దైవం’ అని రాయించాడు. దైవం కాబట్టి అది మామూలు కళ్ళకు కనిపించేది కాదు.

ఆత్మకూరు కాంట్రాక్టర్లకు నీతి లేదని బయటివాళ్ళు అంటుంటారు. వాళ్ళకు తెలియక అంటారు. ఒకరి వంతుకు వచ్చిన పనికి ఇంకొకరు అడ్డం రారు. టెండరు వేసినా, గెలవకుండా ఎక్కువ రేటుకు వేస్తారు. ఈ పద్ధతికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘మాట’. టీ కొట్టు దగ్గర నిలబడి మాట అనుకున్నారంటే ఇక అంతే, సంతకాలు అక్కర్లేదు, సాక్షులు అక్కర్లేదు. నేను పనిచేసిన ఎనిమిదేళ్ళలో ఇసుక మారింది, సిమెంటు కంపెనీలు మారాయి, ప్రభుత్వాలు మారాయి. ఆ మాట మాత్రం మారలేదు.

నేను ఆయన దగ్గర సైట్ సూపర్‌వైజర్‌ని. సివిల్ డిప్లొమా చేశాను. చేశాను అనడం కంటే మా అమ్మ చేయించింది అనడం న్యాయం. వయసులో ఉన్నప్పుడు ఆమె ఇళ్ళ పనులకు వెళ్ళి తలమీద కాంక్రీటు బొచ్చెలు మోసేది. నడినెత్తిన ఇప్పటికీ రూపాయి బిళ్ళంత చోట జుట్టు మొలవదు. నేను డిప్లొమా పాసైన రోజు ఆమె ఊరంతా తిరిగి ‘మావోడు ఇంక బొచ్చె ఎత్తడు, ఎత్తేవాళ్ళకు చెప్తాడు’ అని చెప్పి వచ్చింది. తర్వాత నడుము సహకరించక, మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరింది. మా ఊరు ఉదయగిరి నుంచి వరికుంటపాడు వెళ్ళే దారిలో లోపలికి ఉంటుంది.

మా కాంట్రాక్టర్ దగ్గర నాకున్న అసలు పని క్యూబులు చేయడం. ఇది కొంచెం చెప్పాలి. స్లాబు వేసేటప్పుడు ఆ కాంక్రీటులోంచే కొంత తీసి, అరడుగు పొడుగూ వెడల్పూ ఉన్న ఇనప అచ్చుల్లో పోయాలి. పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో పైన తేదీ గీయాలి. మర్నాడు అచ్చు విప్పితే రాయిలాంటి దిమ్మె వస్తుంది. దాన్నే క్యూబు అంటారు. దాన్ని ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో నానబెట్టి నెల్లూరులో ల్యాబుకు తీసుకుపోతే, మిషన్‌లో పెట్టి నలుపుతారు. అది ఎంత ఒత్తిడికి పగిలిందో కాగితం మీద రాసిస్తారు. క్యూబు గట్టిదైతే స్లాబు గట్టిదని సర్కారు నమ్మకం.

సర్కారు నమ్మకాన్ని వమ్ము చేయడం మా కాంట్రాక్టర్‌కు ఇష్టం లేదు. అందుకని క్యూబుల్ని సైటులో కాకుండా ఆత్మకూరులో తన ఇంటి పెరట్లో పోయించేవాడు. సైటులో దుమ్ము, ధూళి ఉంటాయి కదా అనేవాడు. ఆ దుమ్మే మా స్లాబుల్లో ఇసుక అన్న సంగతి వేరే. పెరట్లో మాత్రం కడిగిన ఏటి ఇసుక, జల్లించిన కంకర, అప్పుడే విప్పిన సిమెంటు బస్తా ఉండేవి. ఆయనే కుర్చీ వేసుకుని దగ్గర కూర్చునేవాడు. పదిరోజులు తిరిగినా సైటు ముఖం చూడని మనిషి, క్యూబుల దగ్గర రెండు గంటలు కదిలేవాడు కాదు. అచ్చులు విప్పాక వాటిని బర్రెల తొట్లో పెట్టేవాళ్ళం. బర్రె నీళ్ళు తాగడానికి మూతి పెడితే క్యూబులు కదులుతాయని బర్రెనే పక్కింటికి తోలేవాళ్ళు. సైటులో స్లాబుకు రెండు ట్యాంకర్ల నీళ్ళు పడితే గొప్ప.

ఒకసారి నా మంచితనం కొంప ముంచింది. సిమెంటు రెండు దోసిళ్ళు ఎక్కువ వేశానేమో, ఇరవై బలం రావాల్సిన క్యూబులు నలభై దాటాయి. డ్యాములు కట్టేవాళ్ళు కూడా ఇంత గట్టిగా పోయరు, మీరు బడికి కాంపౌండు గోడ కట్టారా, కోట కట్టారా అని ల్యాబులో నవ్వారట. మా కాంట్రాక్టర్ నన్ను పిలిచి నెమ్మదిగా మందలించాడు.

“నిజాయితీకి కూడా ఒక లిమిట్ ఉండాల రా. ఇంత గట్టిగా వస్తే అనుమానం వస్తాది.”

అప్పట్నుంచి నేను లిమిట్‌లో ఉండడం నేర్చుకున్నాను. ఇరవై రావాల్సిన చోట ఇరవై ఆరు, ఇరవై ఏడు వచ్చేట్టు చేయి కుదిరింది. ఈ విద్య ఏ పాలిటెక్నిక్‌లోనూ చెప్పరు.

ఇలా ఉండగా మా ఊరి బడికి రెండు గదులు, ఒక వంటగది మంజూరయ్యాయి. వంతు మా కాంట్రాక్టర్‌దే. అమ్మ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. అప్పటిదాకా ఆమె రేకుల పంచలో, ఎండకు ఎండి వానకు తడిసి వండేది. వంటగది కొడుకే కట్టిస్తున్నాడని బడి పంతుళ్ళకు, పాలవాడికి, బస్సు కండక్టర్‌కు కూడా చెప్పింది. నాకు మనసు చివుక్కుమంది. ఆ చివుక్కును లిమిట్‌లో పెట్టుకున్నాను.

స్లాబుకు పంచాంగం చూసి ముహూర్తం పెట్టారు. కార్తీక మాసం, మంచి రోజు. ఆ పొద్దున్నే ఆత్మకూరు పెరట్లో తొమ్మిది క్యూబులు పోసి, పైన మేకుతో నీటుగా ఆనాటి తేదీ గీసి, బండెక్కి మా ఊరికి బయలుదేరాను. ఉదయగిరి దాటేసరికి కొండ మీద కోట కనిపించనంత వాన. బడి దగ్గరికి వెళితే మేస్త్రీ, కూలీలు గోనెసంచులు కప్పుకుని రేకుల పంచలో అమ్మ వండిన పప్పన్నం తింటున్నారు. స్లాబు లేదు, ఏమీ లేదు. వాన పట్టి తొమ్మిది రోజులు కురిసింది. పుట్టని స్లాబుకు బలపరీక్ష కోసం ఆత్మకూరు తొట్లో క్యూబులు మాత్రం హాయిగా నానుతున్నాయి.

పదో రోజు స్లాబు వేశాం. ముందురోజు ఇంజనీరు వచ్చి చువ్వలు దగ్గరదగ్గరగా కట్టి ఉండడం చూసి తృప్తి పడి వెళ్ళాడు. ఆయన జీపు మలుపు తిరిగాక వాటిలో మూడో వంతు విప్పి ట్రాక్టర్ ఎక్కించాం. అవి మర్నాడు ఇంకో ఊళ్ళో, ఇంకో ఇంజనీరును తృప్తి పరిచాయి. మిక్సర్‌లో సిమెంటు తగ్గింది, క్రషర్ దుమ్ము పెరిగింది, గబగబా జారిపోవాలని నీళ్ళు బాగా పోశారు. నేను పక్కనే నిలబడి ఎత్తేవాళ్ళకు చెబుతున్నాను, అమ్మ చెప్పినట్టే.

అప్పుడు అమ్మ వచ్చింది. తన వంటగది కాబట్టి శుభానికి ఒక్క బొచ్చె తానే మోస్తానంది. నడుము నొప్పి కదా అని అందరూ వద్దన్నా వినలేదు. చీర కొంగు చుట్టకుదురు చేసుకుని తల మీద పెట్టుకుంది. నాలుగు అడుగులు వేసిందో లేదో, బొచ్చె అంచు మీదుగా పాలు కారినట్టు బూడిదరంగు నీళ్ళు ఆమె నుదుటి మీదికి, మెడ మీదికి కారాయి. బొచ్చె దించి, నన్ను పక్కకు పిలిచింది.

“ఇదేందిరా ఇంత పల్చంగా ఉండాది? ఇరవై ఏళ్ళు మోసినాను, ఎప్పుడూ నా మెడ తడవలా.”

“మిషన్ కలుపు అమా. ఇప్పుడు అన్నీ ఇంతే.”

ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, డిప్లొమా చదివినవాడు చెప్పాడు కదా అనుకుందేమో, కొంగుతో మెడ తుడుచుకుని వెళ్ళిపోయింది. నా ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఎందరితోనో ఎన్నో చెప్పాను. ఒక్కటీ నాకు గుర్తులేదు. ఇదొక్కటి గుర్తుంది.

క్యూబులు పరీక్షకు వెళ్ళి ఎప్పటిలాగే ఇరవై ఏడుతో పాసయ్యాయి. కానీ కాగితాలు పక్కపక్కన పెట్టినప్పుడు చిన్న ఇబ్బంది వచ్చింది. ఇంజనీరు రాసుకున్న పుస్తకంలో స్లాబు వేసిన తేదీ ఒకటి, క్యూబుల మీద తేదీ దానికంటే తొమ్మిది రోజులు ముందుది. వానలో నేను ఆ తేదీ సంగతే మరిచిపోయాను. ఇక నా ఉద్యోగం పోయిందనుకున్నాను. మా కాంట్రాక్టర్, ఇంజనీరు టీ తాగుతూ పది నిమిషాలు ఆలోచించి చాలా తేలికైన మార్గం కనిపెట్టారు. క్యూబుల తేదీ మార్చడానికి వీల్లేదు, అది రాతి మీద ఉంది. స్లాబు తేదీ కాగితం మీద ఉంది. కాబట్టి స్లాబు తేదీ మార్చారు. ఆ లెక్కన మా ఊరి బడి స్లాబు జోరువానలో వేశాం.

“ముహూర్తం తప్పలేదు చూసినావా?” అన్నాడు మా కాంట్రాక్టర్, చాలా సంతోషంగా.

తొమ్మిది క్యూబుల్లో ఆరు ల్యాబులో నలిగిపోగా, అవసరానికి ఉంచిన మూడు మిగిలాయి. ఎక్కడైనా పారేయమన్నాడు. పారేయడానికి నాకు చేతులు రాలేదు. అంచులు కత్తితో కోసినట్టున్నాయి, కొడితే గంటలా మోగుతాయి. నా చేతి పనిలో చూపించుకోదగ్గవి అవే. బండికి కట్టుకుని అమ్మకు తీసుకెళ్ళి ఇచ్చాను. గ్యాసు వచ్చినా పెద్ద గుండిగకు కట్టెల పొయ్యే కావాలి కాబట్టి, ఆమె వంటగది బయట వాటిని మూడు పక్కలా పెట్టి పొయ్యి చేసుకుంది. లోపలి వైపు మట్టి మెత్తి, తేదీ గీసిన ముఖాలు బయటికి కనిపించేట్టు తిప్పింది. అమ్మకు చదువు రాదు, అంకెలు వచ్చు. వచ్చినవాళ్ళకల్లా ‘ఇది మావోడి చేతిరాత’ అని చూపించేది.

మరుసటి ఏడు వానల్లో వంటగది మూల కారడం మొదలైంది. రెండు వారాలకు ఒకరోజు, అన్నం వార్చి గుండిగ లోపల పెట్టి అమ్మ మూత కోసం పక్కకు వంగిందట. కంచమంత పెచ్చు పైనుంచి ఊడి గుండిగలో పడింది. అమ్మకు మూరెడు దూరం. పక్క గదిలో ఐదో తరగతి పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. ఆ రోజు పిల్లలందరూ గుడ్డు, చిక్కీ తిని ఇళ్ళకు వెళ్ళారు.

కబురు తెలిసి నేను పరుగెత్తాను. అమ్మ గుండిగలోంచి తీసిన పెచ్చు ముక్కను చేతిలో పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి దాన్ని రెండు వేళ్ళతో నలిపింది. అది బెల్లంలా పొడిపొడిగా రాలింది. తర్వాత పొయ్యిలోని క్యూబు మీద చేత్తో తట్టింది.

“ఇదీ నువ్వే పోసినావు, అదీ నువ్వే పోసినావు. ఏందిరా తేడా?”

చెప్పాను. పెరడు, కడిగిన ఇసుక, బర్రెల తొట్టి, తేదీ, అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. అంతా విని, చేతిలోని పొడి దులుపుకుని ఒక్కటే అడిగింది.

“మరి పిల్లకాయల నెత్తిన ఏది పెట్టినావు?”



మూడో రోజు విచారణకు ఒక అధికారి వచ్చాడు. కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి, ఇంకా గరిటెలు అందలేదు. మా కాంట్రాక్టర్ కారు ఆయన కంటే ముందే వచ్చింది, కారులో గరిటెలూ ఉన్నాయి, కారణమూ ఉంది. కారణం కోతులు. ఉదయగిరి కొండ మీది కోతులు బడి మీదికి దిగి, స్లాబు మీద అదే పనిగా ఎగిరెగిరి దూకడం వల్ల పెచ్చు ఊడింది. రిపోర్టు టైపు చేయించి తెచ్చాడు కూడా. కోతుల్ని కళ్ళారా చూసిన సాక్షిగా కింద నా సంతకం పడితే చాలు. ఆ రోజు శనివారం కాబట్టి కోతుల సంగతి ఆయన నోటితో చెప్పలేదు, కాగితం నా చేతికిచ్చి నా వైపు చూశాడు.

అమ్మ పొయ్యి దగ్గర గుండిగ దించుతోంది. నా వైపు చూడలేదు. సంతకం పెడితే ఆ గదులకు సున్నం కొట్టి, సోమవారం పిల్లల్ని మళ్ళీ కూర్చోబెడతారు. అమ్మ లోపల వండుతుంది, బయట ఉద్యోగం నాకుంటుంది. పెన్ను మూత తీశాను కూడా.

“కోతులు కాదు సార్,” అన్నాను. “నేనే.”

తర్వాత ఆయన్ని పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి తేదీ చూపించాను. ఆ తేదీన ఇక్కడ స్లాబు వేయలేదని, వాన కురిసిందని, ఈ దిమ్మెలు ఆత్మకూరులో పోశానని చెప్పాను. అమ్మ గరిటె పట్టుకుని లేచి, ఆ రోజు పనోళ్ళకు పప్పన్నం వండింది తానేనని, రేకుల పంచలోనే తిన్నారని చెప్పింది. అధికారి సుత్తి తెప్పించి గదిలో దూలం మీద రెండు దెబ్బలు వేశాడు. మూడోది వేయడానికి ఆయనకే భయం వేసింది. గదులకు తాళాలు వేయించి వెళ్ళిపోయాడు.

మా కాంట్రాక్టర్ నన్ను తిట్టలేదు. నీతిగల మనిషి, ఎంతో బాధపడ్డాడు. కారు ఎక్కుతూ కళ్ళలో నీళ్ళు పెట్టుకుని “మాట తప్పినావు గదరా” అన్నాడు. గరిటెల సెట్టు వెనక సీట్లోనే ఉండిపోయింది.

పిల్లలు ఆరు నెలలు చెట్ల కిందా, పాత వరండాలోనూ చదువుకున్నారు. నేరం రుజువైంది కనుక మా కాంట్రాక్టర్‌కు ఇక పనులు ఇవ్వకూడదని ఆర్డరు వచ్చింది. స్లాబు పగలగొట్టి కొత్తది వేయడానికి టెండరు పిలిస్తే మిగతా కాంట్రాక్టర్లెవరూ ముందుకు రాలేదు. ఆ ఊరి పని ఆయన వంతు, మాట మాటే. చివరికి ఒక కొత్త కంపెనీకి ఆ పని దక్కింది. కంపెనీ ఆయన భార్యది. ఆమెకు సివిల్ పనుల్లో ఉన్న అనుభవం, బర్రెను పక్కింటికి తోలడం.

ఈసారి స్లాబు రోజు అమ్మ మిక్సర్ పక్కన బొచ్చె బోర్లించుకుని దాని మీద కూర్చుంది. వెనక పిల్లల తల్లులు పది మంది నిలబడ్డారు. ప్రతి కలుపులోంచి పిడికెడు తీసి చేత్తో పిసికి చూసి, ఆమె తల ఊపితేనే బొచ్చె కదిలింది. నీళ్ళు ఎక్కువైన రెండు కలుపుల్ని అక్కడే నేల మీద కుమ్మరించింది. మా పాత కాంట్రాక్టర్ దూరంగా గొడుగు కింద నిలబడి, తల్లుల పర్యవేక్షణలో పనిచేయడం తమ కంపెనీ పద్ధతని వచ్చిన అధికారులకు వివరించాడు. ఇప్పుడు ఆయన ఎక్కడ మైకు దొరికినా అదే చెబుతున్నాడు.

నాకు ఉద్యోగం లేకపోయినా క్యూబులు నన్నే పోయమని హెడ్‌మాస్టరు అడిగాడు. ఆ మిక్సర్‌లోంచే తీసి, అక్కడే పోసి, ఆ రోజు తేదీనే గీశాను. బడి నీళ్ళ తొట్లోనే నానబెట్టాను. ఇరవై ఒకటి వచ్చింది. బొటాబొటిగా పాసు. ల్యాబులో ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు ఆత్మకూరులో చిన్నచిన్న ఇళ్ళ పనులు చూసుకుంటున్నాను. వారానికోసారి ఊరికి వెళితే అమ్మ బడి దగ్గరే అన్నం పెడుతుంది. ఆ మూడు క్యూబులు పొగకు నల్లబడినా పొయ్యిలో అలాగే ఉన్నాయి, తేదీ చెరగలేదు. నన్ను ఎప్పుడూ వాటికి ఎదురుగానే కూర్చోబెడుతుంది. మొన్న ఉండబట్టలేక, ఇంక వాటిని తీసి పారేద్దామమ్మా, మంచి రాళ్ళు తెస్తానని అన్నాను. ఆమె కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

“ఉండనీరా. నీకు పని రాక అట్టా కట్టుంటే నాకు ఇంత బాధ లేకపోయేది. ఇంత బాగా వచ్చు గదా నీకు.”

పులుసు కలుపుకుని తినడం మొదలుపెట్టాను. తలెత్తితే ఎదురుగా నా చేతిరాత.